జగదీశచంద్ర బోసు

పద్మానదీ తీరమున, ఢాకా నగరమునకు అనతిదూరమున విక్రమపురమను సీమ కలదు. పూర్వమది పండితులకు పుట్టినిల్లని పేరు పొందినది. నేడు బంగ్లాదేశమున చేరియున్న ఆ సీమలోని రారిఖాల్ గ్రామము బోసు వంశీయుల స్వస్థలము. ఆ వంశమువాడైన భగవాన్ చంద్ర బోసు ఆంగ్ల ప్రభుత్వము క్రింద డిప్యూటీ మేజిస్ట్రేటుగా నుండెను. ఆయనకును బామాసుందరీదేవికిని 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన మైమన్‌సింగ్ పట్టణమున జగదీశచంద్రుడు జన్మించెను.

ఆ దినములలో ప్రభుత్వోద్యోగులు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకు పంపుట గౌరవముగా నెంచుచుండిరి. భగవాన్ చంద్రుడు అట్లు చేయలేదు. బిడ్డ ముందుగా మాతృభాషను నేర్వవలెననియు, తన ఊరి ప్రజలలో నొకడై పెరుగవలెననియు తలచి, ఆయన కుమారుని వంగభాషా పాఠశాలకు పంపెను. అచ్చట జగదీశచంద్రునికి ఒకప్రక్క తండ్రి కొలువులోని మహమ్మదీయ సేవకుని కుమారుడును, మరియొకప్రక్క ఒక జాలరి కుమారుడును కూర్చుండెడివారు. నదిలోని జలచరములను గూర్చియు, పక్షులను గూర్చియు వారు చెప్పెడి కథలను ఆ బాలుడు చెవి యొగ్గి వినుచుండెను. బాలుని బడికి తీసికొనిపోవు మనుష్యుడు మరింత విచిత్రమైనవాడు. అతడు మున్ను దారిదోపిడి దొంగ. భగవాన్ చంద్రుడే అతనికి శిక్ష వేసెను. శిక్ష ముగిసి వచ్చిన పిమ్మట బ్రతుకుతెరువు లేక తిరుగుచున్న ఆ మనుష్యునికి ఆయన తన యింటనే పని యిచ్చెను. తన కన్నకొడుకును అతని చేతికి అప్పగించెను. తండ్రి యెట్టివాడో దీనివలననే తెలియగలదు.

మహాభారత కథలలో బాలునికి మిక్కిలి ప్రియమైన పాత్ర కర్ణుడు. గెలిచిన అర్జునునికంటె, పుట్టుక మొదలు అవమానములను సహించుచు పోరాడి ఓడిన కర్ణుడే అతని మనస్సును హరించెను. ఈ యిష్టము ఆయనకు జీవితాంతము తగ్గలేదు.

పదునొకండవ యేట, అనగా 1869లో, జగదీశచంద్రుడు కలకత్తా నగరమునకు వచ్చి హేర్ పాఠశాలలోను, అటుపిమ్మట సెయింట్ జేవియర్ పాఠశాలలోను చేరెను. సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫాంట్ అను క్రైస్తవ గురువు భౌతికశాస్త్రమును బోధించుచుండెను. నల్లబల్లమీద వ్రాసి చెప్పుటతో ఆయన తృప్తి చెందెడివాడు కాడు. ప్రతి విషయమును యంత్రములతో ప్రయోగము చేసి చూపెడివాడు. ప్రయోగమన్నచో జగదీశచంద్రునికి గల ప్రీతి ఆ తరగతి గదిలోనే మొలకెత్తినది. 1879లో పట్టభద్రుడైన పిమ్మట అతడు ఇంగ్లండునకు పోయి సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చుండ దలచెను. తండ్రి దానికి సమ్మతింపలేదు. తాను స్వయముగా ఆ ప్రభుత్వమున అధికారిగా నుండియు, కొడుకు ఇతరులమీద పెత్తనము చేయు ఉద్యోగమున ప్రవేశింపరాదని ఆయన నిశ్చయము. తుదకు వైద్యము చదువుటకై 1880లో జగదీశచంద్రుడు లండను చేరెను. అస్సాము ప్రాంతమున పట్టుకొన్న జ్వరమొకటి అతనిని విడువకుండుటచేతను, శవపరీక్షాగారమునందలి వాసన దానిని హెచ్చించుటచేతను వైద్యవిద్యను మానుకొనవలసి వచ్చెను. అంతట కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలయందు ప్రకృతి శాస్త్రములను అభ్యసించెను. లార్డ్ రేలీ వంటి మహాశాస్త్రజ్ఞుడు అచ్చట అతనికి గురువయ్యెను. 1884లో కేంబ్రిడ్జి పట్టమును, లండను విశ్వవిద్యాలయపు బి.ఎస్సీ. పట్టమును పొంది స్వదేశమునకు తిరిగి వచ్చెను.

1885లో, వైస్రాయి రిప్పన్ ప్రభువు సిఫారసుమీద, జగదీశచంద్రుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను. విద్యాశాఖాధికారులకు ఈ నియామకము రుచింపలేదు. శాస్త్రబోధనకు భారతీయులు తగరని వారి నమ్మకము. ఆ నమ్మకము జీతములలోకూడ కనబడుచుండెను. ఒకే పనిని చేయు ఐరోపా ఆచార్యునికి ముట్టు జీతములో భారతీయునికి మూడింట రెండు వంతులే లభించును. జగదీశచంద్రుని ఉద్యోగము తాత్కాలికమను నెపముతో అందులోను సగము తగ్గించి, మూడవ వంతు మాత్రమే ఇచ్చుటకు నిర్ణయించిరి.

జగదీశచంద్రుడు వాదులాటకు దిగలేదు, ఉద్యోగమును వదలలేదు. నెల తిరిగి వచ్చిన జీతపు చెక్కును పుచ్చుకొనుట మాత్రము మానెను. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరములు ఆయన ఇట్లు జీతము ముట్టక పాఠములు చెప్పెను. ఇది ధనవంతుడు చేసిన త్యాగము కాదని గుర్తింపవలెను. భగవాన్ చంద్రుడు ప్రజలకు మేలు కలుగునను ఆశతో తేయాకు తోటలలోను, పరిశ్రమలలోను సొమ్ము పెట్టి నష్టపోయి అప్పులలో మునిగియుండెను. ఆ అప్పుల భారము కొడుకు తలమీదనే యుండెను. పూర్వుల ఆస్తిని అమ్మి కొంత తీర్చిరి, ఇంకను మిగిలియుండెను. ఇట్టి సమయముననే, 1887లో, ఆయనకు అబలాదేవితో వివాహము జరిగెను. ఆమె స్వయముగా విద్యావతి. కలకత్తా వైద్యకళాశాలలో స్త్రీలకు ప్రవేశము లేని దినములలో ఆమె చెన్నపట్టణమునకు వచ్చి అచ్చటి వైద్యకళాశాలలో చదివెను. అనారోగ్యముచే ఆ చదువు పూర్తి కాలేదు. కలకత్తాలో అద్దెలు భరింపలేక ఆ దంపతులు గంగ ఆవలి యొడ్డున చంద్రనగరమున కాపురముండిరి. జగదీశచంద్రుడు చిన్న పడవలో నది దాటి కళాశాలకు పోవుచుండ, అబలాదేవి ఆ పడవను తిరిగి ఇంటికి నడిపి తెచ్చుకొనెడిది.

తరగతిలో ఆయన పాఠములకు విద్యార్థులు మరిగిరి. ఆయన బోధనాశక్తియందు అధికారులకును సంశయము తొలగెను. మూడు సంవత్సరములు గడచునప్పటికి ప్రభుత్వమువారే దిగివచ్చి, ఆయన ఉద్యోగమును స్థిరపరచి, చేరిన దినము మొదలుకొని పూర్తి జీతమును లెక్కకట్టి ఒక్కమారుగా చెల్లించిరి. ఆ సొమ్ము తండ్రి అప్పులకు చెల్లిపోయెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో పరిశోధన చేయుటకు తగిన ప్రయోగశాల లేదు. బోధనకు గంటలు మెండు, పరిశోధనకు ధనము సున్న. ఐనను 1894 నవంబరు 30న, తన ముప్పదియారవ జన్మదినమున, జగదీశచంద్రుడు ఇక తన శేషజీవితమును పరిశోధనకే వినియోగింతునని సంకల్పించుకొనెను. కళాశాలలో స్నానపు గదికి ఆనుకొనియున్న యొక ఇరుకు గది ఆయన ప్రయోగశాల యయ్యెను. శాస్త్రపరికరములను ఎన్నడును చేసి యెరుగని యొక రేకుల పనివానిని చేరదీసి, నేర్పి, తనకు వలసిన యంత్రములను అతనిచేత చేయించుకొనెను. ఖర్చు తన జేబులోనిది.

ఆయన పట్టుకొన్న విషయమును తెలిసికొనుటకు కొంచెము వెనుకకు పోవలెను. వెలుగు అనునది విద్యుత్తు, అయస్కాంతత్వము రెండును కలిసి పుట్టించు తరంగమనియు, కంటికి కనబడని అట్టి తరంగములు ఇతరములును ఉండుననియు మాక్స్‌వెల్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1865లో గణితముచే నిరూపించెను. జర్మనీ దేశమున హెర్ట్‌జ్ అను శాస్త్రజ్ఞుడు 1887, 1888 సంవత్సరములలో విద్యుత్ మెరుపులతో ఆ తరంగములను నిజముగా పుట్టించి చూపెను. అవి అద్దమునకు తగిలిన వెలుగువలె లోహపు రేకునకు తగిలి మరలును. పట్టకము గుండ పోవునప్పుడు వంగును. కాని హెర్ట్‌జ్ వాడిన తరంగములు పొడవైనవి. ఒక అల శిఖరమునుండి మరియొక అల శిఖరమునకు 60 సెంటీమీటర్లకు పైగా దూరముండెను. చెరువులో పెద్ద అల వచ్చునప్పుడు గడ్డిపోచ దానిని ఆపలేదు. ఆపవలెనన్న అలకు తగిన బండరాయి కావలెను. అట్లే పొడవైన తరంగములను వంచుటకు హెర్ట్‌జ్ తారువంటి పదార్థముతో సుమారు 600 కిలోగ్రాముల బరువుగల పట్టకమును పోత పోయవలసి వచ్చెను. ఆయన 1894 జనవరి 1వ తేదీన, ముప్పదియేడవ యేటనే స్వర్గస్థుడయ్యెను.

ఇచ్చటనే జగదీశచంద్రుని బుద్ధి సూక్ష్మత బయల్పడినది. పట్టకమును పెద్దది చేయుటకంటె తరంగమును చిన్నది చేయుట మేలని ఆయన తలచెను. నేర్పుగా అమర్చిన చిన్న లోహపు గుండ్ల నడుమ మెరుపును పుట్టించి, 25 మిల్లీమీటర్లు మొదలు 5 మిల్లీమీటర్ల వరకు మాత్రమే పొడవుగల తరంగములను సాధించెను. అనగా గోరంత తరంగములు! ఐదు మిల్లీమీటర్ల తరంగము సెకనునకు 6000 కోట్ల సారులు కంపించును. తరంగము చిన్నదగుటతో యంత్రములన్నియు చిన్నవయ్యెను. హెర్ట్‌జ్‌కు ఒక గది నిండిన సామగ్రి బోసు బల్లమీద ఒదిగెను. తరంగమును పుట్టించు పెట్టె, దానిని ఒక త్రోవను పంపు లోహపు గరాటు, గంధకముతో చేసిన పట్టకములు, కటకములు, తీగల జల్లెడలు, రాబట్టిన తరంగమును గుర్తించుటకు ప్రక్కప్రక్కన పేర్చిన సన్నని ఉక్కు స్ప్రింగులు — ఇవి ఆయన ప్రయోగశాల. ఇతర దేశములవారు తరంగమును గుర్తించుటకు గాజుగొట్టములో ఇనుప రజనును నింపి వాడుచుండిరి. కలకత్తా ఉక్కకును, తేమకును అది సరిపడదు. అందుచే ఆయన స్ప్రింగుల పద్ధతిని తానే కల్పించుకొనెను.

ఆయన వేసికొన్న ప్రశ్న వినుటకు సులభము: తరంగము పోవు త్రోవలో ఏ వస్తువును, ఏ అమరికతో నిలిపినచో ఆ తరంగము మన చెప్పినట్లు వినును? దీనికి సమాధానము వెదకుటలో ఆయన వాడిన వస్తువులను చూచినచో ఆశ్చర్యము కలుగును. వెలుగును, ఈ తరంగములును త్రాటిని ఊపినట్లు పైకి క్రిందికో, ప్రక్కలకో కంపించుచు పయనించును. ఒక దిశయందలి కంపనమును పోనిచ్చి, దానికి అడ్డముగానున్న కంపనమును ఆపివేయుటను ధ్రువణమందురు. వెలుగు విషయమున ఈ పనికి అరుదైన స్ఫటికములు కావలెను. బోసు బల్లమీదనున్న రైలుబండ్ల కాలపట్టికల పుస్తకమును, బ్రాడ్‌షా అను దానిని, తరంగమునకు అడ్డముగా పెట్టి చూచెను. వరుసగానున్న ఆ కాగితపు పొరలే స్ఫటికము పనిని చేసినవి. పుటల నడుమ తగరపు రేకులను ఉంచగా ఆ పని మరింత చక్కగా జరిగెను. పుస్తకమును ఒక విధముగా పట్టుకొన్నచో తరంగము పోవును. అడ్డముగా త్రిప్పినచో ఆగిపోవును.

ఇంతకంటె గొప్పది జనపనారతో చేసిన ప్రయోగము. వంగదేశమున జనపనారకు కొదువ లేదు. బోసు నారను కట్టలుగా చేసి మెలిపెట్టెను. కొన్ని కట్టలను కుడివైపునకును, కొన్నింటిని ఎడమవైపునకును మెలిపెట్టెను. ఆ కట్టల గుండ పోయిన తరంగము కంపించు దిశ కొంత తిరిగిపోయెను. మెలి కుడిదైన ఒక వైపునకును, ఎడమదైన మరియొక వైపునకును తిరిగెను. చక్కెర ద్రావణము గుండ పోవు వెలుగు ఇట్లే తిరుగునని అప్పటికే తెలియును. కాని కంటికి కనబడని చక్కెర కణములలో ఆ మెలి ఎట్లున్నదో చూపుట సాధ్యము కాదు. బోసు ఆ కణములకు చేతితో పట్టుకొనదగిన పెద్ద నమూనాలను నారతో చేసెను. ఈ విషయమును తెలుపు వ్యాసమును 1898లో లండనులోని రాయల్ సొసైటీవారు ప్రకటించిరి. నార అదే నార. మెలి మార్చినంతనే తరంగము నడక మారినది. పదార్థమున లేని గుణమును దాని అమరిక కల్పింపగలదని ఆ ప్రయోగము చూపినది. ఆనాడు దీని విలువను గ్రహించినవారు బహు స్వల్పము.

జనసామాన్యమును ఆకర్షించిన ప్రదర్శనము మరియొకటి. 1895లో కలకత్తా టౌనుహాలులో లెఫ్టినెంటు గవర్నరు అధ్యక్షతను బోసు తన తరంగములను ప్రదర్శించెను. తరంగములు అధ్యక్షుని శరీరమును, నడుమ గోడలను దాటి, 75 అడుగుల దూరమునందున్న గదిలో గంటను మ్రోగించెను, పిస్తోలును పేల్చెను, తుపాకిమందును అంటించెను. నడుమ తీగ యనునది లేదు. ఆ యేడే ఆయన వ్యాసము లార్డ్ రేలీ మూలమున రాయల్ సొసైటీకి చేరెను. 1896లో లండను విశ్వవిద్యాలయమువారు ఆయనకు డి.ఎస్సీ. పట్టము నిచ్చిరి. ఆ సంవత్సరము ఇంగ్లండునకు పోయి లివర్‌పూలులో శాస్త్రజ్ఞుల సభయందును, 1897 జనవరి 29న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌యందును తన చిన్న పెట్టెను బల్లమీద నుంచి ప్రయోగములు చేసి చూపెను. వృద్ధుడైన లార్డ్ కెల్విన్ కుంటుచు మెట్లెక్కి, స్త్రీలు కూర్చున్న చోటికి పోయి, అబలాదేవిని అభినందించెను. శాస్త్రబోధనకు భారతీయులు తగరన్న మాట ఆ సాయంకాలముతో మూలబడినది.

ఇదే కాలమున మార్కొనీ అను ఇటలీ యువకుడు లండనుకు వచ్చి, తీగలేని తంతివార్తలను పంపు పద్ధతికి 1896లో పేటెంటు హక్కును కోరెను. మార్కొనీకి కావలసినది దూరము. దూరము పోవుటకు పొడవైన తరంగములే అనుకూలము. అందుచే ఆయన తరంగమును పెద్దది చేయుచు పోయెను. 1901 డిసెంబరులో అట్లాంటికు మహాసముద్రము మీదుగా ఇంగ్లండునుండి న్యూఫౌండ్‌లాండునకు సంజ్ఞను అందుకొనెను. ఆ సంజ్ఞను గుర్తించుటకు ఆయన వాడిన పాదరసపు పరికరమునకు, 1899లో బోసు రాయల్ సొసైటీకి వర్ణించిన పరికరమే మూలమని 1998లో వెలువడిన యొక పరిశోధన వ్యాసము వాదించినది. దీనినిబట్టి రేడియోను కనుగొన్నది బోసే యని కొందరు అభిమానముతో చెప్పుచుందురు. అట్లు చెప్పుట బోసుకు గౌరవము కాదు. సముద్రముల మీదుగా వార్తలను నడిపిన ఘనత మార్కొనీదే. బోసు వెదకినది వేరు. తరంగము స్వభావమును ఆయన వెదకెను.

ధనము వచ్చు త్రోవ ఆయనకు కనబడకపోలేదు. 1901లో ఆయన లండనులో నున్నప్పుడు తంతి యంత్రముల వ్యాపారి యొకడు వచ్చి, ఆయన పరికరములపై పేటెంటును తీసికొని లాభములో సగమిత్తునని బ్రతిమాలెను. బోసు నిరాకరించెను. జ్ఞానమును అంగడి సరుకు చేయుట ఆయనకు గిట్టదు. స్నేహితురాండ్రైన సోదరి నివేదితయు, సారా బుల్ అను అమెరికా వనితయు ఎంతో ఒత్తిడి చేయగా ఒక్క పేటెంటునకు మాత్రము సమ్మతించెను. సీసపు ఖనిజముతో తరంగములను గుర్తించు పరికరమునకు సంబంధించిన ఆ పేటెంటు 1904 మార్చి 29న అమెరికాలో మంజూరయ్యెను. దానివలన ఆయన ఒక్క రూపాయియు గడింపక గడువును దాటిపోనిచ్చెను. ఇది సరియైన నడతయేనా యని నేటివారు తర్కింపవచ్చును. ఆ సొమ్ము వచ్చియున్నచో ప్రయోగశాలకై ఆయన అంత కాలము వేచియుండ వలసిన పని లేకపోయెడిది.

1900 ప్రాంతమునుండి ఆయన దృష్టి జీవుల వైపునకు మరలెను. తరంగములను గుర్తించు లోహము చాలసేపు పనిచేసిన పిమ్మట అలసినట్లు మందగించి, విశ్రాంతి నిచ్చినచో తేరుకొనుటను చూచి, ప్రాణమున్న వానికిని లేనివానికిని గల సరిహద్దు ఎక్కడ యను ప్రశ్న ఆయనకు పుట్టెను. మొక్కల స్పందనములను కొలుచుటకు అతిసూక్ష్మమైన యంత్రములను నిర్మించెను. మొక్క పెరుగుదలను కోటి రెట్ల వరకు పెంచి చూపు క్రెస్కోగ్రాఫు వానిలో ముఖ్యము. ఇంగ్లండులోని శరీరశాస్త్రజ్ఞులు ఆయనను తీవ్రముగా నెదిరించిరి. కొన్ని నిర్ణయములను తరువాతివారును అంగీకరింపలేదు. ఐనను ఆయన వెనుదీయలేదు. 1915లో ఉద్యోగ విరమణ చేసెను. 1917లో ప్రభుత్వము సర్ బిరుదము నిచ్చెను. ఆ సంవత్సరమే నవంబరు 30న, తన జన్మదినమున, జీవితకాలమంతయు కూడబెట్టిన ధనమును, మిత్రుల సహాయమును కలిపి కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును నెలకొల్పెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు వంటి మహామేధావులు ఆయన విద్యార్థులు. 1937 నవంబరు 23న, నేటి జార్ఖండు రాష్ట్రమునందలి గిరిడి పట్టణమున, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు వారము దినముల ముందు, జగదీశచంద్రుడు పరమపదించెను.

ఆయన విడిచిపోయిన చిన్న తరంగముల గతి యేమి? లోకమంతయు మార్కొనీ వెంట పొడవైన తరంగముల వైపునకే పోయెను. రేడియో కేంద్రములు వెలసెను. వార్తలు ఖండములు దాటెను. గోరంత తరంగములతో పనియుండినవారు చాల కాలము కొలదిమంది శాస్త్రజ్ఞులు మాత్రమే. కాని చేతిలో ఇముడు ఫోనులు కోట్లకొలదిగా పెరుగుటతో పొడవైన తరంగముల బాటలు క్రిక్కిరిసిపోయెను. ఇరుకైన బాటలో బండ్లన్నియు ఒక్కమారే పోలేనట్లు, వార్తలును, చిత్రములును ఆ తరంగములలో ఇముడలేకపోయెను. చిన్న తరంగముల ప్రాంతము విశాలముగా ఖాళీగా నున్నది. 2022లో భారత ప్రభుత్వము ఐదవ తరము ఫోనులకై వేలము వేసిన తరంగములలో 26 గిగాహెర్ట్‌జ్ తరంగములును కలవు. వాని పొడవు సుమారు పదునొకండున్నర మిల్లీమీటర్లు. ఇవి స్నానపు గది ప్రక్కన బోసు పుట్టించిన తరంగముల తెగలోనివే.

ఈ తరంగములకు ఒక పెద్ద లోపము కలదు. పొడవైన తరంగము అడ్డంకిని చుట్టుకొని కొంత ఆవలికి పోగలదు. చిన్నదానికి ఆ నేర్పు లేదు. గోడ తగిలినచో అది మిక్కిలి క్షీణించును. చెట్టు ఆకులు, వర్షము, నడుమ నిలుచున్న మనుష్యుడు కూడ దానికి ఆటంకములే. స్తంభముమీది యంత్రము ఎదుట నున్నవానికి వార్త చక్కగా అందును. మేడ చాటున నున్నవానికి అందదు. మరియొక స్తంభమును నాటినచో ఖర్చును, విద్యుత్తును హెచ్చును. ఈ చిక్కును విప్పుటకు ఇరువదియొకటవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు ఒక పలకను కల్పించిరి. మేడ గోడకు తగిలింపదగిన ఆ పలకను తెలివిగల తలమనియు, మార్చుకొనదగిన పరావర్తన తలమనియు చెప్పవచ్చును.

మామూలు అద్దమునకు తగిలిన వెలుగు ఏ కోణమున వచ్చునో ఆ కోణముననే మరలును. ఈ పలక అట్లు కాదు. దానిమీద వందలు, వేలుగా చిన్న లోహపు ముక్కలు వరుసలు తీర్చియుండును. ఒక్కొక్కటి తరంగము పొడవులో సగమో, అంతకు తక్కువయో యుండును. ప్రతి ముక్కకును ఒక చిన్న విద్యుత్ మీట కలదు. ఆ మీటను మార్చినచో, తన్ను తాకిన తరంగమును ఆ ముక్క కొంచెము ముందుగానో, కొంచెము ఆలస్యముగానో మరల్చును. కవాతులో సైనికుల వరుస మూల తిరుగుటను చూచినవారికి దీని మర్మము సులభముగా తెలియును. లోపలి కొననున్నవాడు అడుగు తగ్గించును; వెలుపలి కొననున్నవాడు అడుగు పెంచును; వరుస చెదరక దిశ మారును. అట్లే పలకమీది ముక్కలు ఒకదానికంటె ఒకటి క్రమముగా ఆలస్యము చేయుటవలన తరంగపు వరుస మొత్తము కోరిన వైపునకు తిరిగి, మేడ చాటున నున్నవానిని చేరును. అతడు కదలినచో కంప్యూటరు మీటలను మార్చును. తరంగమును అతని వెంట త్రిప్పును. ఆ పలక తరంగమును పుట్టింపదు, బలపరుపదు. మరల్చుట ఒక్కటే దాని పని. అందుచే దానికి కావలసిన విద్యుత్తు స్వల్పము. మనుష్యుడు ఎచ్చట నున్నాడో సరిగా కనుగొనుటయు, వేలకొలది మీటలను క్షణకాలమున సర్దుటయు ఇంకను కష్టసాధ్యములు. వీనిని గూర్చి అనేక దేశములలో పరిశోధనలు జరుగుచున్నవి.

లోహపు ముక్క అదే ముక్క. మీట మార్చినంతనే తరంగము నడక మారును. పదార్థముచేత గాక అమరికచేత తరంగమును లొంగదీయు ఇట్టి కృత్రిమ నిర్మాణముల చరిత్రను వ్రాయువారు 1898నాటి జనపనార కట్టలను వానిలో మొట్టమొదటివానిగా పేర్కొనుచున్నారు. బోసు మెలిని చేతితో పెట్టెను. పుస్తకమును చేతితో త్రిప్పెను. ఇప్పుడా పనిని కంప్యూటరు చేయుచున్నది.

2012 సెప్టెంబరులో విద్యుత్ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంస్థ యొకటి, 1894 మొదలు 1896 వరకు బోసు చేసిన మిల్లీమీటరు తరంగ ప్రయోగములను చరిత్రలో మైలురాయిగా గుర్తించి, కలకత్తాలో ప్రెసిడెన్సీ విద్యాసంస్థయందు స్మారక ఫలకమును నిలిపినది. రేకుల పనివానిచేత ఆయన చేయించుకొన్న పరికరములు ఆ నగరమునందే, ఆయన స్థాపించిన విజ్ఞానమందిరమున నేటికిని భద్రపరుపబడి యున్నవి.